పాత కోటలను కోసి మళ్లీ రంగు వేసేవారికి వానాకాలపు జాగ్రత్తలు

బల్లపై చిన్న బొమ్మలతో ఆడే వార్‌హ్యామర్ వంటి ఫాంటసీ యుద్ధక్రీడల కోసం థర్మోకోల్‌తో కట్టుకున్న కోటగోడను ఒక మిత్రుడు ఇటీవల శిథిల బురుజుగా మార్చదలచి, మధ్యకు కోసి, పాత రంగు మీదే స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టారు. పాత భాగం చెక్కుచెదరలేదు కానీ కోసిన అంచు మాత్రం చూస్తుండగానే కరిగి గుంటలు పడింది. వానకు కిటికీలు మూసి ఉండడంతో ఆయనకు తల తిరిగి వాంతులయ్యాయి.

థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే కొట్టరాదని ఈ పని తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అయితే ముక్కకు ఒకసారి పూత వేశాం కదా అన్న ధీమాతో కొత్త కోతను మరచిపోవడం అనుభవజ్ఞులే చేసే తప్పు, ఎన్నో మంచి కట్టడాలను పాడుచేసినది అదే.

థర్మోకోలైనా, గట్టి ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) ఫోమైనా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్కే. స్ప్రేలలో సాధారణంగా ఉండే అసిటోన్, టోలుయీన్ వంటి ద్రావకాలు దానిని కరిగిస్తాయి. మొదట వేసిన పూత ఆనాటి ఉపరితలాన్ని మాత్రమే కాపాడుతుంది. కోసినచోట, గీరినచోట, అయస్కాంతం కోసం తొలిచినచోట, పీఠం నుంచి ఊడదీసిన అడుగున పచ్చి ఫోమ్ బయటపడుతుంది. కనుక ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్ రంగు కలిపి కుంచెతో రెండు పూతలు వేయాలి. నలుపు ఉంటే పూత అందని చోటు ఇట్టే తెలుస్తుంది. ఈ కాలంలో ఫెవికాల్ పైకి ఆరినట్టున్నా లోపల తడిగానే ఉంటుంది కాబట్టి రాత్రంతా వదిలివేయడం మేలు.

స్ప్రే డబ్బాలోని వాయువు చాలావరకు మండేదే, పైగా గాలికన్నా బరువైనది కావడంతో నేలమట్టాన పేరుకుంటుంది. దీపమో, పొయ్యో వెలుగుతున్న ఇంట్లో స్ప్రే కొట్టకండి. దుమ్ము మాస్కు ద్రావకాల ఆవిరిని ఆపదు. ఆ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి.

వాన పడుతుండగా వార్నిష్ స్ప్రే వద్దు, తేమకు తెల్లగా మసకబారుతుంది.

వేడి తీగతో ఫోమ్‌ను కోసే హాట్ వైర్ కట్టర్ నుంచి పొగ లేచిందంటే వేడి ఎక్కువైనట్టే. తగ్గించండి.

ఫోమ్‌కు సూపర్ గ్లూ వాడకండి, అదీ తినేస్తుంది.

పాత బొమ్మల మీది రంగు ఏమిటో తెలియనప్పుడు పొడిగా గీకకండి. సీసం ఉండవచ్చు.

కొత్త కోత ఉందా? పూత వేయండి. ఆ తరువాత ఇంకొంచెం చెక్కారా? మళ్లీ పూత వేయండి.

స్ప్రే డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదలకండి. ఖాళీ అయిందనుకున్నదానికి కూడా చిల్లు పెట్టకండి.