కాంటెస్సా తుప్పు పార్టులకి బట్టల సోడా, ఛార్జర్

పాత కాంటెస్సా కారు లాంటి బండి ఇంట్లోనే రెడీ చేసుకుంటున్నోళ్ళు బ్రాకెట్లు, హింజుల తుప్పుని ఎమెరీ పేపర్‌తో గీకి గీకి వేళ్ళు అరగదీసుకోకండి బాబూ. 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నీళ్ళలో ఐదారు స్పూన్లు బట్టల సోడా కలిపి, ఇల్లు కట్టిన చోట మిగిలిన ఇనప చువ్వ ముక్కకి 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ ఎర్ర క్లిప్పు, తుప్పు పార్టుకి నల్ల క్లిప్పు పెట్టి, రెండూ తగలకుండా ముంచి ఆన్ చెయ్యండి, బుడగలొస్తే పని అవుతున్నట్టే. పాత రకం ఛార్జరే బెటర్, కొత్త ఆటోమేటిక్‌వి బ్యాటరీ లేకపోతే చాలావరకు ఆన్ కావు. కొన్ని గంటలయ్యాక తుప్పు నల్ల బురదలా అవుద్ది, బ్రష్‌తో కడిగేస్తే పోద్ది, కింద మంచి ఇనుముకి ఏటీ కాదు.

చువ్వ బదులు స్టీలు గరిటె పెట్టొద్దు, స్టెయిన్‌లెస్‌లో క్రోమియం విషంగా మారుద్ది. సోడా బదులు ఉప్పు అసలొద్దు, క్లోరిన్ వస్తది. బుడగలు హైడ్రోజన్, కాబట్టి పెరట్లోనే చెయ్యాలి, బీడీ సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. క్లిప్పులు ముట్టుకునే ముందు స్విచ్ ఆపండి. అల్యూమినియం పార్టులు వేస్తే తినేస్తది. బ్రేకు పార్టులకీ, స్ప్రింగులకీ ఇది వద్దు, గట్టి ఉక్కు పెళుసుబారొచ్చు.

ఇంకోటేటంటే, కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి కడిగిన పార్టు మీద గంటలోనే ఎర్రగా మొదలైపోద్ది, అందుకే పొడిగుడ్డతో తుడిచి ఎండలో వేడెక్కించి అదే రోజు ప్రైమర్ కొట్టెయ్యండి.