అసమీకరణంలో సగం జవాబు ఎక్కడ పోతోంది?

నల్గొండలో సాయంత్రం ట్యూషన్‌కొచ్చే ఇంటర్ పిల్లల నోటుబుక్కుల్లో ఈ తప్పు ఏటా చూస్తున్నాను. (ఎక్స్ బదులు ఇక్కడ ‘క’ రాస్తున్నాను.)

సమస్య: క⁻¹ < 2 ని (క⁻¹ అంటే 1/క) సాధిస్తే క > 1/2 అని వచ్చింది. కీలో మాత్రం దాంతోపాటు క < 0 కూడా ఉంది.

మొన్న ఒకబ్బాయి, “సార్, తిప్పి రాస్తే గుర్తు మారాలె కదా, మార్చిన. ఇంకేం తప్పున్నది?” అన్నాడు. క దగ్గర −1 పెట్టి చూడమన్నాను. దాని వ్యుత్క్రమం −1, అది 2 కన్నా చిన్నదే. కానీ వాడి జవాబులో −1 కు చోటు లేదు. కాసేపు పేజీ వైపే చూసి పెన్ను కింద పెట్టేశాడు.

కారణం: తిప్పితే గుర్తు మారడమనేది రెండు వైపులా ధనమో, రెండు వైపులా ఋణమో అయినప్పుడే. 2 < 5 ని తిప్పితే 1/2 > 1/5. −5 < −2 ని తిప్పితే −1/5 > −1/2. ఒకటి ఋణం, ఒకటి ధనం అయితే మారదు: −2 < 3, తిప్పినా −1/2 < 1/3. పిల్లల్ని నేను తప్పుపట్టను, రోజూ చూసే లెక్కల్లో ఋణం ఎక్కడుంది? మిర్యాలగూడ సుమారు 40 కిలోమీటర్లు. గంటలోపు చేరాలంటే 40/వేగం < 1, అంటే వేగం > 40. బస్సు వేగం సున్నా కన్నా తక్కువుండదు కాబట్టి టెన్షన్ లేదు. క విషయంలో ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేదు.

పరిష్కారం: క తో గుణించకండి, అది ధనమో ఋణమో తెలియదు. క² తో గుణించండి. క సున్నా కానంతవరకు అది ధనమే. అప్పుడు క < 2క², అంటే క(2క − 1) > 0. రెండు కారణాంకాలూ ధనమైతే క > 1/2, రెండూ ఋణమైతే క < 0. పోయిన సగం దొరికింది.

క⁻² > 4 లో తప్పు ఇంకో రకం. రెండు వైపులా ధనమే కాబట్టి తిప్పొచ్చు: క² < 1/4. తర్వాత వర్గమూలం తీసి క < 1/2 అని ఆపేస్తారు. రావాల్సింది −1/2 < క < 1/2, అందులోంచి 0 తీసేయాలి. క² < 1/4 అని రాయగానే సున్నా చడీచప్పుడు లేకుండా లోపలికి వస్తుంది. అందుకే మొదటి లైన్‌లోనే క ≠ 0 అని రాసిపెట్టుకోండి.

2⁻³ ని −8 అని రాసేవాళ్లూ ఉన్నారు. ఘాతాంకంలోని మైనస్ సంఖ్యను ఋణం చేయదు, హారంలోకి దింపుతుంది: 1/8.

ఇక (1/2)^క > 8. 8 ని (1/2)⁻³ అని సరిగ్గానే రాసి, క > −3 అనేస్తారు. భూమి (ఘాతాంకం కింద ఉండే సంఖ్య, ఇక్కడ 1/2) 0 కు, 1 కి మధ్య ఉంటే ఘాతాంకం పెరిగేకొద్దీ విలువ తగ్గుతుందని మర్చిపోవడమే కారణం. ఆ రూల్ గుర్తుండకపోతే 1/2 ని 2⁻¹ చేసేయండి: 2^(−క) > 2³, −క > 3, క < −3. క = −4 పెడితే 16, సరిపోయింది. క = 0 పెడితే 1 మాత్రమే.