టీషర్టు మీద ఫిల్మ్‌తో బొమ్మ దించడం: ఊడకుండా, పగలకుండా

ఫిల్మ్ మీద ప్రింటయిన బొమ్మని బట్ట మీదకి దించడం చూసేవాళ్లకి రెండు నిమిషాల పని. పెట్టు, నొక్కు, పీకు, అంతే. తీరా నాలుగు ఉతుకులకే అంచులు లేచిపోయాయనో, అక్షరాలు పగిలాయనో వచ్చినవాళ్లని కదిపితే అందరూ ఫిల్మ్‌నే తిడతారు. నా చేతిలో పాడైపోయిన వాటన్నిటినీ గుర్తు చేసుకుంటే ఫిల్మ్ తప్పు వల్ల పోయినవి ఒకటో రెండో. మిగతావన్నీ బట్టలో చెమ్మ ఉండో, ప్రెజర్ చాలకో, ఆగలేక ఆత్రంగా పీకడం వల్లో పోయినవే.

ముందు ఏ ఫిల్మ్ గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుందాం, ఎందుకంటే వీటిలో రకాలున్నాయి, ఒకదానికి చెప్పిన లెక్క ఇంకోదానికి పనికిరాదు. వినైల్ అంటే రంగు షీటు, దాన్ని కట్టర్‌తో కోసి అక్కర్లేని ముక్కలు ఏరేసి అంటిస్తారు. జెర్సీల మీద పేర్లకీ నంబర్లకీ బాగుంటుంది, ఫొటోకి కుదరదు. సబ్లిమేషన్‌లో బట్ట మీద పొరంటూ ఏమీ మిగలదు, రంగు ఆవిరై పాలిస్టర్ పోగులోకి దిగిపోతుంది. తెల్ల పాలిస్టర్ మీద దాన్ని మించింది లేదు, నూలు మీద మాత్రం నిలవదు, నల్ల బట్ట మీద కనపడనే కనపడదు. నేను చెప్పబోయేది డీటీఎఫ్, అంటే డైరెక్ట్ టు ఫిల్మ్. నూలు, పాలిస్టర్, రెండూ కలిసిన బట్ట, నలుపు, తెలుపు, వేటి మీదైనా దిగుతుంది, అందుకే ఇప్పుడు ఎక్కువమంది దీన్నే పట్టుకున్నారు.

దీని కిటుకంతా తెల్ల ఇంకులో ఉంది. పారదర్శకంగా ఉండే పెట్ (పీఈటీ) అనే ప్లాస్టిక్ ఫిల్మ్ మీద బొమ్మని అద్దంలో కనపడినట్టు తిరగేసి, ముందు రంగులు, వాటి మీద తెల్ల పొర వేస్తారు. ఇంకు తడిగా ఉండగానే దాని మీద సున్నపు పొడిలా ఉండే జిగురు పౌడర్ చల్లి, మిగిలింది దులిపేసి, వేడి చేసి కరిగిస్తారు. బట్ట మీద బోర్లించి నొక్కినప్పుడు జిగురు కిందికి, తెలుపు దాని మీదికి, రంగులు అన్నిటికన్నా పైకి వస్తాయి. నల్ల బట్ట మీద కూడా పసుపు పసుపులాగే కనపడేది ఆ తెల్ల పొర వల్లే. ఇంట్లో ఉండే మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు కాబట్టి దానితో ఇది కాదు. పైగా తెల్ల ఇంకులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువు పదార్థం, నాలుగు రోజులు కదపకుండా వదిలేస్తే అడుక్కి చేరి ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్‌ని మూసేస్తుంది. నెలకి ఐదారు టీషర్టులు వేసుకునేవాళ్లు ప్రింటర్ కొని దానికి సేవలు చేసే బదులు, బొమ్మ ఫైల్ పంపించి పౌడర్ కూడా వేసేసిన ఫిల్మ్ తెప్పించుకోవడమే సుఖం.

మీరే ప్రింట్ చేసుకుంటుంటే రెండు మాటలు. ఒకటి, ఫిల్మ్‌కి పూత ఉన్న వైపే ఇంకు నిలుస్తుంది, కొంచెం తడి చేసిన వేలితో మూలన తాకితే వేలికి పట్టుకున్నట్టు అనిపించేదే ఆ వైపు. రెండోది, పౌడర్ కరిగించడం. 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు నిమిషాలు పడుతుంది. హీట్ ప్రెస్‌తోనే, అంటే వేడి ప్లేటుతో బట్టని నొక్కే యంత్రంతోనే కానిచ్చేవాళ్లు పై ప్లేటు ఫిల్మ్‌కి తగలకుండా ఒక అంగుళం ఎత్తులో ఆపి ఉంచుతారు. పౌడర్ గింజలు గింజల్లా కనపడుతున్నంతసేపూ కరగనట్టే లెక్క, అవి మాయమై పైభాగమంతా నారింజ తొక్కలా సన్నటి గుంటలతో నిగనిగలాడితే అయిపోయినట్టు. ఆ పొగ పీల్చకండి, కిటికీ తెరవండి, పౌడర్ చల్లేటప్పుడు మాస్కు పెట్టుకోండి. వంటకి వాడే ఓవెన్‌లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ఇక బొమ్మ. అసలు సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి, వెనక రంగు లేకుండా పారదర్శకంగా సేవ్ చేసిన పీఎన్‌జీ అయితే మంచిది. వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫొటోని సాగదీసి పంపిస్తే ఫిల్మ్ మీద కూడా అదే మసక వస్తుంది. అక్షరాల వెనక పొగలా మెల్లగా కరిగిపోయే నీడలు పెట్టకండి, తెరమీద అందంగా ఉంటాయి గానీ ఆ పలచటి చోట కూడా తెల్ల పొర పడుతుంది కాబట్టి బట్ట మీద మురికి అంచులా తేలతాయి. అర మిల్లీమీటర్ కంటే సన్నని గీతలకి జిగురు సరిగ్గా పట్టదు, మొదట లేచేవి అవే.

ఇంకో మాట, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఛాతీ నిండా ఒకే పెద్ద చదరం వేస్తే ప్లాస్టిక్ పలక కట్టుకున్నట్టే ఉంటుంది, గాలి ఆడదు, చెమట పడుతుంది. నల్ల టీషర్టుకి వేసే బొమ్మలో నలుపు ఉన్న చోటల్లా ఆ నలుపుని ఫైల్‌లోంచి తీసేయండి, అక్కడ బట్ట నలుపే కనపడుతుంది. ఇంకు తగ్గుతుంది, బట్ట మెత్తగా ఒంగుతుంది, దూరం నుంచి చూసినవాళ్లకి తేడా తెలియదు.

నొక్కే ముందు బట్ట సంగతి చూడాలి. కొత్త టీషర్టుకైనా చెమ్మ ఉంటుంది. ప్రెస్ వేడెక్కాక ఖాళీ బట్టనే ఐదు సెకన్లు నొక్కి తీయండి, కొన్నిసార్లు సన్నగా ఆవిరి లేవడం కంటికే కనపడుతుంది. ఆ ఆవిరి బొమ్మ కింద ఉండిపోతే జిగురు పోగుల్లోకి దిగకుండా అడ్డం పడుతుంది. తర్వాత దుమ్మూ దారాలూ అంటించుకునే లింట్ రోలర్ ఒకసారి తిప్పండి, ఒక్క దారం ముక్క ఇరుక్కున్నా తెల్ల బొమ్మ మీద వెంట్రుకలా ఉబ్బి కనపడుతుంది, ఇక తీయలేం. నీళ్లు పట్టకుండా పూత వేసిన జాకెట్ల మీదా, కొత్త రెయిన్‌కోట్ల మీదా మామూలు ఫిల్మ్ నిలవదు, ప్రయత్నించకండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేసి ఉతికిన బట్ట కూడా ఇబ్బందే.

మధ్య గీత కోసం టేపు పట్టుకుని కుస్తీ పడక్కర్లేదు. టీషర్టుని నిలువుగా సగానికి మడిచి, రెండు భుజాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి, ఆ మడత మీద ప్రెస్ ఒక సెకను తాకిస్తే గీత పడుతుంది. ఫిల్మ్‌ని కూడా సగానికి తేలిగ్గా వంచి మధ్య చోట చిన్న గుర్తు పెట్టుకుంటే రెండూ కలిపేయొచ్చు. కాలర్ కిందినుంచి నాలుగు వేళ్లు వదిలి, అంటే సుమారు మూడు అంగుళాలు, అక్కడ బొమ్మ పై అంచు పెట్టండి. పెద్దవాళ్ల టీషర్టుకి పది పదకొండు అంగుళాల వెడల్పు సరిపోతుంది, జేబు దగ్గర వేసే చిన్న గుర్తుకి మూడున్నర నాలుగు చాలు. కొత్తవాళ్లు దాదాపు అందరూ బొమ్మని మరీ కిందికి పెడతారు, బల్ల మీద బాగానే ఉంటుంది, తొడుక్కున్నాక పొట్ట మీదకి వస్తుంది.

గుండీలు, జిప్పు, లావు కుట్లు ఉంటే ప్లేటు వాటి మీద ఆగిపోయి పక్కన ప్రెజర్ పడదు. అలాంటి చోట కింద ప్రెస్ దిండు గానీ, వేడికి తట్టుకునే మందపాటి ఫోమ్ గానీ పెట్టి బొమ్మ పడే భాగాన్ని ఎత్తు చేయండి.

లెక్కలు ఇవి: నూలుకి 150 నుంచి 160 డిగ్రీలు, 10 నుంచి 15 సెకన్లు, ప్రెజర్ మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ. జిగురు వైపు కిందికి, నునుపు ఫిల్మ్ పైకి. పైనుంచి చూస్తే అక్షరాలు సరిగ్గా చదవగలగాలి, తిరగబడి కనపడుతుంటే మీరు తప్పు వైపు పెట్టారు. అయితే ఒక్కో ఫిల్మ్, ఒక్కో పౌడర్ ఒక్కో రకం, మీ ఫిల్మ్‌తో వచ్చిన కాగితం మీద వేరే అంకె ఉంటే నా మాట పక్కన పెట్టి దాన్నే నమ్మండి. ఇంకా ఒకటి, ప్రెస్ తెర మీద కనపడే 160 అన్నిసార్లూ 160 కాదు. చవక ప్రెస్‌లకి మధ్యలో వేడి ఎక్కువ, మూలల్లో తక్కువ. మీ బొమ్మకి ఎప్పుడూ ఒకే మూల లేస్తుంటే టీషర్టుని తిప్పి నొక్కి చూడండి, అప్పుడు ఇంకో మూల లేస్తే దొంగ దొరికినట్టే.

పాలిస్టర్ దగ్గర మాత్రం నాకు గట్టి దెబ్బే తగిలింది. స్నేహితుల జట్టు కోసం ముదురు ఎరుపు జెర్సీలు, వాటి మీద తెల్ల నంబర్లు. నూలుకి పెట్టే 160 దగ్గరే పదకొండూ నొక్కేశాను, తళతళా మెరిసిపోతున్నాయి, అప్పజెప్పేశాను. రెండో రోజుకి తెలుపు కాస్తా లేత గులాబీ అయిపోయింది. పాలిస్టర్‌కి వేసిన రంగు ఎక్కువ వేడికి ఆవిరై పైకి లేచి తెల్ల ఇంకులోకి పాకుతుంది. అది అప్పటికప్పుడు బయటపడక్కర్లేదు, గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అప్పటినుంచి ముదురు పాలిస్టర్‌కి 130, 135 దాటను, సెకన్లు తగ్గిస్తాను, రంగు పాకకుండా ఆపే నల్ల జిగురు పౌడర్ వేసిన ఫిల్మ్ దొరికితే అదే వాడతాను. పైగా పాలిస్టర్ మీద ప్లేటు అంచు చదరం మచ్చలా పడిపోతుంది, అది తర్వాత అంత తేలిగ్గా పోదు, కాబట్టి బొమ్మ మేరకే సరిపోయే చిన్న దిండు వాడితే మంచిది.

ఇక పీకడం. ఫిల్మ్‌లో వేడిగా ఉండగానే పీకేది ఉంటుంది, చల్లారాక పీకేది ఉంటుంది, కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి. చల్లారాక పీకాల్సిన దాన్ని వేడిగా పీకితే జిగురు ఇంకా గట్టిపడి ఉండదు, బొమ్మ సగం ఫిల్మ్‌తో పాటే వచ్చేస్తుంది. ఏదో తెలియకపోతే చల్లారనివ్వండి, చేత్తో తాకితే వేడి తెలియకూడదు. ఒక మూల పట్టుకుని పైకి లాగకుండా, ఫిల్మ్‌ని వెనక్కి మడిచి బట్టకి దాదాపు ఆనించినట్టే ఉంచి, నిదానంగా లాగండి. కళ్లు వేళ్ల మీద కాదు, ఫిల్మ్ బట్ట నుంచి విడిపోతున్న ఆ గీత మీద ఉండాలి. ఎక్కడైనా అక్షరం చివర సన్నటి పోగులా ఫిల్మ్‌తో పాటు లేస్తుంటే అక్కడే ఆగి, మళ్లీ వెనక్కి పరిచి, ఇంకో ఐదారు సెకన్లు నొక్కి, ఈసారి పూర్తిగా చల్లారనిచ్చి పీకండి. ఆగకుండా లాగితే ఆ ముక్క పోయినట్టే.

పీకాక పని అయిపోయిందని చాలామంది మడతపెట్టేస్తారు. రెండో నొక్కుడు ఉంది, అది మానకండి. బొమ్మ మీద బటర్ పేపర్ గానీ టెఫ్లాన్ షీట్ గానీ పరిచి మళ్లీ ఐదు నుంచి పది సెకన్లు. ఉతుకులకి నిలిచేది ఎక్కువగా దీని వల్లే, జిగురు పోగుల సందుల్లోకి ఇంకాస్త దిగుతుంది, ప్లాస్టిక్ మెరుపు తగ్గి బట్ట నేత బొమ్మ మీద కూడా లీలగా కనపడుతుంది.

ఇస్త్రీ పెట్టెతో అవుతుందా అని అడుగుతారు. అవుతుంది, చిన్న బొమ్మలకి. ఆవిరి పూర్తిగా ఆపేసి, నీళ్లు ఒంపేసి, కాటన్ సెట్టింగ్‌లో పెట్టండి. మెత్తటి ఇస్త్రీ బల్ల వద్దు, గట్టి చెక్క మీద పలచటి నూలు గుడ్డ పరిచి దాని మీద చేయండి. ఇస్త్రీ చేసినట్టు రుద్దకండి, బొమ్మ జరిగిపోతుంది. ఒక చోట పెట్టి, ఒంటి బరువంతా మోపి 15 సెకన్లు నొక్కి, ఎత్తి, పక్క చోటికి. ఆవిరి రంధ్రాలున్న చోట వేడి, ప్రెజర్ రెండూ తగలవు కాబట్టి ఆ జాగా మీద పెట్టెని కాస్త జరిపి ఇంకోసారి నొక్కాలి. అరచేయంత బొమ్మ దాటితే దీనితో తిప్పలే, సరిగ్గా వచ్చిందో లేదో ఉతికేదాకా టెన్షన్.

మొదటి ఉతుకుకి ఒక రోజు ఆగండి. లోపలి వైపు బయటికి తిప్పి, చల్లటి నీళ్లలో, బ్లీచ్ లేకుండా. ఇస్త్రీ కూడా తిరగేసే, బొమ్మ మీద పెట్టె నేరుగా పెడితే అంటుకుపోతుంది. అంచు కొంచెం లేస్తే ఏడవక్కర్లేదు, బటర్ పేపర్ వేసి పది సెకన్లు నొక్కితే చాలావరకు కూర్చుంటుంది. బట్ట లాగినప్పుడు బొమ్మ నిండా సన్నటి పగుళ్లు వస్తుంటే మాత్రం పౌడర్ సరిగ్గా కరగకపోవడమో, ఇంకు మరీ మందంగా పడటమో కారణం, దాన్ని తర్వాత బాగుచేయలేం.

మిగిలిన ఫిల్ముల్ని ఎండ తగలకుండా, గాలి చొరని కవర్‌లో, సిలికా జెల్ పొట్లం వేసి, బల్లపరుపుగా ఉంచండి. చెమ్మ పీలిస్తే పైన నూనె చుక్కల్లాంటి జిడ్డు తేలుతుంది. అలా కనపడినా, కొన్నాళ్ల కిందట తెచ్చిందైనా, మంచి టీషర్టు మీదకి నేరుగా పోకుండా బొమ్మ పక్కన ఉన్న చిన్న ముక్కొకటి కత్తిరించి పాత గుడ్డ మీద నొక్కి, చల్లారాక గోటితో గీకి చూడండి. గోటికి లేచొస్తే ఆ ఫిల్మ్ పారేయండి.