ప్లాస్టిక్ వ్యర్థాల నుంచి నూనె: పైరాలిసిస్ యూనిట్‌లో సమస్యలు, పరిష్కారాలు

పూడ్చివేతకు పోవలసిన ప్లాస్టిక్‌ను గాలి తగలకుండా 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే అది విచ్ఛిన్నమై ఆవిరవుతుంది, ఆ ఆవిరి చల్లబడితే నూనె వస్తుంది. ఈ ప్రక్రియనే పైరాలిసిస్ అంటారు. సంచులు, డబ్బాల తయారీలో వాడే పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌లలో ఉండే ఉష్ణశక్తి దాదాపు డీజిల్‌తో సమానం. అందువల్ల నూనె సరిగా రానప్పుడు బర్నర్ జోలికి పోయే ముందు రియాక్టర్‌లో (ప్లాస్టిక్‌ను వేడి చేసే పాత్రలో) వేసిన సరుకును పరిశీలించడం మంచిది.

సమస్య: నూనె గడ్డకడుతోంది, ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌లో మైనం పేరుకుంటోంది.

పాలీఇథిలీన్ ఎక్కువగా ఉన్న సరుకులో పొడవాటి హైడ్రోకార్బన్ గొలుసులు పూర్తిగా తెగకముందే ఆవిరి బయటికి వచ్చేస్తుంది. రియాక్టర్‌పైన నిలువుగా రిఫ్లక్స్ కాలమ్ అమర్చితే బరువైన భాగం అందులోనే ద్రవమై కిందికి జారి మళ్లీ విచ్ఛిన్నమవుతుంది. గొలుసులు తెగే చర్యను వేగవంతం చేసే జియోలైట్ ఖనిజ ఉత్ప్రేరకమూ ఉపయోగపడుతుంది గానీ, మురికి సరుకుతో దానిపై త్వరగా మసి పేరుకుని పనితనం తగ్గిపోతుంది.

సమస్య: ఘాటైన వాసన వస్తోంది, నూనెలో ఆమ్లత కనిపిస్తోంది, గొట్టాలు తుప్పుతో పలచబడుతున్నాయి.

దీనికి ప్రధాన కారణం పీవీసీ (పైపుల తయారీలో వాడే పాలీవినైల్ క్లోరైడ్ ప్లాస్టిక్). దాని బరువులో సుమారు 57 శాతం క్లోరినే కాబట్టి, 300 డిగ్రీల ప్రాంతంలోనే అది హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడుదలై, తేమతో కలిసి ఉక్కును తినేస్తుంది. ముక్కలు చేసిన సరుకును నీటి తొట్టెలో వేస్తే పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ తేలుతాయి, పీవీసీ, పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) మునుగుతాయి. అయితే గాలి బుడగలు అంటుకున్న పీవీసీ పొర తేలిపోగలదు కనుక నీటిలో కొద్దిగా డిటర్జెంట్ కలిపి బాగా కలియబెట్టాలి. అనుమానం తీరకపోతే, గాలి బాగా ఆడే చోట రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి ముక్కకు తాకించి, తిరిగి మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే లెక్క. ఎంత ఏరినా కొంత మిగులుతుంది కాబట్టి సరుకులో సున్నం కలపడం, వాయువును క్షార ద్రావణంతో కడిగే స్క్రబ్బర్ ఉంచడం తప్పనిసరి.

సమస్య: కండెన్సర్‌కు ముందున్న గొట్టంలో తెల్లని లేదా లేత పసుపు పొడి పేరుకుని ఒత్తిడి పెరుగుతోంది.

ఇది పెట్ సీసాల నుంచి వచ్చే టెరెఫ్తాలిక్, బెంజోయిక్ ఆమ్లాల పని. వెంటనే వేడి ఆపాలి, పూర్తిగా చల్లారాకే గొట్టం విప్పి శుభ్రం చేయాలి. పెట్ సీసాలను అసలు ఈ యూనిట్‌కు పంపకుండా నేరుగా రీసైక్లింగ్‌కు ఇవ్వడమే సరైన పద్ధతి.

సమస్య: నూనె తక్కువ, వాయువు, బొగ్గు ఎక్కువ.

ఉష్ణోగ్రత హద్దు దాటితే వాయువు పెరుగుతుంది; సరుకులో మట్టి, కాగితం కలిస్తే బొగ్గు, బూడిద పెరుగుతాయి. ఉష్ణోగ్రతను కొలిచే థర్మోకపుల్ కొన రియాక్టర్ గోడకు ఆనుకుని ఉంటే రీడింగ్ తప్పుదారి పట్టిస్తుంది, దాని స్థానాన్ని సరిచూడాలి. చల్లబరిచినా ద్రవంగా మారని వాయువును వృథాగా వదలకుండా రియాక్టర్‌ను వేడి చేయడానికి మండించుకోవచ్చు. బొగ్గును మాత్రం నైట్రోజన్ ఆవరణలో చల్లార్చిన తరువాతే బయటికి తీయాలి, లేకుంటే గాలి తగలగానే అంటుకుంటుంది. రంగుల నుంచి వచ్చిన భార లోహాలు అందులో ఉండే అవకాశం ఉన్నందున పరీక్ష చేయించకుండా నేలలో కలపరాదు.