మొలతాడు కింద చూశారా?

ఈశాన్య రుతుపవనాలు వచ్చి నాలుగు వానలు పడితే చాలు, చంద్రగిరి చుట్టుపక్కల గట్లన్నీ మోకాలెత్తు గడ్డితో నిండిపోతాయి. సరిగ్గా అప్పుడే వేరుసెనగ పీకాలి, చెరకు నరకాలి, మామిడి తోటల్లో కలుపు తీయించాలి. వీటికి తోడు కార్తీక వనభోజనాలు. ఆ రోజుల్లోనే మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరాలు పెరుగుతాయి.

పురుగు కాటు జ్వరం గురించి ఫోనులో వెతికితే ముందుగా కనిపించేది లైమ్ వ్యాధి. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, లైమ్ అనే ఊరి పరిసరాల్లో పిల్లలకు వరసగా కీళ్లు వాయడంతో 1970లలో అది వెలుగులోకి వచ్చింది. ఒక జాతి పిడుదు (కొన్ని చోట్ల గోమారి అంటారు) కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట ఎర్రటి మచ్చ రోజురోజుకూ విస్తరిస్తుంది. వైద్యం ఆలస్యమైతే కీళ్లకు, గుండెకు, ముఖంలోని నరానికి పాకుతుంది. మన వైపు అది చాలా అరుదు. ఎర్రటి వలయం కోసం ఒళ్లంతా వెతుక్కుని, లేదు కదా అని నిశ్చింతగా పడుకునే వాళ్లను చూస్తే నాకు భయం. మనం వెతకాల్సింది నల్లటి మచ్చ.

స్క్రబ్ టైఫస్‌ను అంటించేది పిడుదు కూడా కాదు, పంటల మీద కనిపించే నల్లి (మైట్) జాతికి చెందిన ఒక పిల్లపురుగు, మంచంలో నల్లి కాదు. పేరు చిగ్గర్. తొలకరిలో నేల మీద మఖమల్ ముక్కలా పాకే ఆరుద్ర పురుగుకు దూరపు చుట్టం. ఆరుద్ర పురుగు మనల్ని ఏమీ చేయదు. ఈ చుట్టం మాత్రం కంటికి ఆనదు, కుట్టినా తెలియదు. పొదల్లో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట కాచుకుని ఉండి, ఒంటి మీదికి ఎక్కాక బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగుతుంది.

మా చిన్నాన్న విషయంలో అలాగే జరిగింది. వేరుసెనగ పీకిన పది రోజులకు చలిజ్వరం, తల పగిలిపోయే నొప్పి. ఊళ్లో ఒక క్లినిక్‌లో మలేరియా లేదన్నారు, డెంగీ లేదన్నారు. వైడాల్ పరీక్షలో అంకె కాస్త పెరిగి కనిపించడంతో టైఫాయిడ్ అని అయిదు రోజులు సూదిమందు వేశారు. జ్వరం దిగలేదు. తొమ్మిదో రోజున ఆయాసం మొదలై తిరుపతికి తీసుకువెళితే, అక్కడి డాక్టరమ్మ ముందు రిపోర్టులు చూడలేదు. చొక్కా విప్పించి చంకలు చూసింది, తర్వాత మొలతాడు పైకి జరిపింది. దాని కింద కందిగింజంత నల్లటి పక్కు, చుట్టూ సన్నగా ఎరుపు. అచ్చం బీడీతో కాల్చినట్టు ఉంది. చిన్నాన్నకు బీడీ అలవాటే లేదు. "నొప్పి లేదు, దురద లేదు, నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు పాపం.

కాబట్టి జ్వరం వస్తే ముందు అద్దం ముందు నిలబడండి. చంకలు, గజ్జలు, బొడ్డు, చెవి వెనుక, మోకాలి మడత, రొమ్ముల కింద, లంగా బొందు కట్టుకునే చోటు, అన్నీ చూడండి. వీపు ఇంట్లో వాళ్లను చూడమనండి. ఆడవాళ్లు సిగ్గుపడి డాక్టరుకు చూపించకపోవడం వల్లే చాలాసార్లు ఆ మచ్చ దొరకదు. కనీసం ఇంట్లో చూసుకుని నోటితో చెప్పినా చాలు. మచ్చ అందరికీ రాదు. అది లేకపోయినా అకస్మాత్తుగా తీవ్ర జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు, గజ్జల్లో బిళ్ళ కట్టడం ఉంటే అనుమానించాల్సిందే. కుట్టిన 6 నుంచి 21 రోజుల మధ్య ఎప్పుడైనా మొదలుకావచ్చు. అందుకే "నిన్న ఎక్కడికీ వెళ్లలేదండీ" అనకుండా మూడు వారాలు వెనక్కి వెళ్లి గుర్తు తెచ్చుకోండి. తలకోన జలపాతానికి వెళ్లారా, చెరకు తోటలోకి దిగారా, మేకల వెంట గుట్ట ఎక్కారా, అంతా చెప్పండి.

టైఫస్ వేరు, టైఫాయిడ్ వేరు. పేర్లు కలిసినంత మాత్రాన మందు కలవదు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది. దానికి వేసే సెఫ్ట్రియాక్సోన్ ఈ క్రిమి మీద పనిచేయదు. దీనికి డాక్సీసైక్లిన్ కావాలి, గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సకాలంలో వేస్తే రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. అలాగని మందుల షాపులో అడిగి కొనుక్కోకండి, మోతాదు డాక్టరే చెప్పాలి.

పరీక్షల్లోనూ ఒక మెలిక ఉంది. ఒంట్లో ఈ జబ్బుకు ఎదురుగా తయారైన యాంటీబాడీలను వెతికే ఐజీఎం ఎలీసా అనే రక్త పరీక్షను జ్వరం వచ్చిన మొదటి అయిదు రోజుల్లోపు చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఆ దశలో రక్తాన్ని గానీ, పక్కును గానీ, క్రిమినే నేరుగా పట్టే పీసీఆర్ పరీక్షకు పంపడం మేలు. లక్షణాలు సరిపోతే ఫలితం కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు, అదే సరైన పద్ధతి. ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడిపోతాయి. డెంగీ అనుకుని బొప్పాయి ఆకు రసం తాగుతూ కూర్చుంటే రెండో వారంలోకి వెళ్లిపోతారు. ఆయాసం, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం, మగత, ఇవి అప్పుడే మొదలవుతాయి. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతింటున్నాయని అర్థం. అక్కడి నుంచి గంటలు కూడా లెక్కే. చిన్నాన్నకు నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. టీకా లేదు. జాగ్రత్తలు చెప్పడానికి చిన్నవే: పొలంలో నిండు చేతుల చొక్కా, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోవడం, దోమలను తరిమే పూత చేతులకూ కాళ్లకూ రాసుకోవడం. వనభోజనాల్లో గడ్డి మీద కాకుండా మందపాటి టార్పాలిన్ మీద కూర్చోండి. తలకోనలో స్నానం చేసి తడి తువ్వాలును పొద మీద ఆరేసి, మళ్లీ భుజాన వేసుకునే అలవాటు మనందరిదీ. అది మానాలి. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం చేయండి, ఆ బట్టలు వేడినీళ్లలో నానబెట్టండి.

పశువులు ఉన్నవాళ్లకు ఇంకొక మాట. పిడుదులను ఉత్త చేత్తో పీకి గోటితో నలపకండి, వాటి వల్ల వచ్చే జ్వరాలు వేరే ఉన్నాయి. మీ ఒంటికే పట్టుకుంటే కిరోసిన్ పోయడం, అగరుబత్తితో కాల్చడం వద్దు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా తిన్నగా పైకి లాగి, ఆ చోటు సబ్బుతో కడగండి. ఏ రోజు తీశారో క్యాలెండర్‌లో రాసి పెట్టుకుంటే, తర్వాత జ్వరం వచ్చినప్పుడు డాక్టరుకు చూపించవచ్చు.