నాయన జీవితం రాయాలంటే ముందు సాక్షి సంతకాలు చూడండి

సొంత కష్టంతో నాలుగు ఇళ్ళు కట్టి, పదిమందితో కలిసి తిరిగిన మనిషి పోయాక, సంవత్సరీకం నాటికి ఆయన మీద ఒక చిన్న పుస్తకం వేయించి పంచుదామని చాలా ఇళ్ళల్లో అనుకుంటారు. తీరా రాయడానికి కూర్చుంటే పుట్టిన తేదీ, చదువు, పెళ్లి, పిల్లలు, ఆస్తులు రాసేసరికి రెండు పేజీల్లో అయిపోతుంది. ఆ రెండు పేజీల్లో ఎంత వెతికినా మనిషి కనపడడు.

మా నాయన పత్తికొండ వైపు పల్లె నుంచి కర్నూలుకు వచ్చి, నాపరాళ్ళ డిపోలో లెక్కలు రాసే పనికి కుదిరి, తర్వాత సొంత డిపో పెట్టుకుని, చివరికి బాడుగ రూములు వరసగా కట్టినవాడు. ఆయన గురించి రాసేటప్పుడు నాకు బాగా పనికొచ్చిన దారి ఒకటే. ఆస్తి కాగితాలతోనే మొదలుపెట్టాలి. వాటిలో విలువలు చూడడానికి కాదు, మనుషులను వెతకడానికి.

బీరువా తెరిచే ముందు ఒక పని తప్పకుండా చేయండి. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ, అందరికీ ఒకేసారి చెప్పండి. పెద్దాయన పోయిన ఇంట్లో ఎవరైనా దస్తావేజులు ముట్టుకుంటే పంపకాల కోసమే అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు. అందరూ ఇంట్లో ఉన్న రోజు చూసి, అమ్మ ఎదురుగా తీయండి. ప్రతి పేజీ రెండు వైపులా ఫోన్‌తో ఫొటో తీసి, అసలు కాగితాలు అప్పుడే లోపల పెట్టించండి. ఆ ఫొటోలు ఇంటి గ్రూపులో అందరికీ పంపితే ఎవరికీ టెన్షన్ ఉండదు.

ఇక చదవడం. క్రయ దస్తావేజులో మనం మామూలుగా చూసేది ధర, కొలతలు. ఆ రెండూ వదిలేయండి. కాగితంలో రాసిన ధరే చేతులు మారిన ధర అని నమ్మడానికి లేదు, పైగా సంస్మరణ పుస్తకంలో ధరలతో పనేముంది? చూడాల్సినవి హద్దులు, సాక్షులు, దస్తావేజు లేఖరి పేరు. వెనక పక్క రిజిస్ట్రారు ముందు వేలిముద్రలు వేసిన చోట, మనిషిని గుర్తుపట్టి సంతకం పెట్టినవాళ్ళ పేర్లు కూడా ఉంటాయి.

నాయన మొదటి స్థలం 1979లో కల్లూరు వైపు కొన్నాడు. దానికి పడమర హద్దు ‘బండ్ల బాట’ అని ఉంది. ఇవాళ అక్కడ బస్సులు తిరిగే రోడ్డు. సాక్షుల్లో ఒకాయన టైలరు, ఇంకొకాయన డిపో ఎదురుగా హోటలు నడిపినాయన. ఊరికి కొత్తగా వచ్చిన మనిషికి చుట్టాలు లేరు, పొద్దున ఉగ్గాని బజ్జి పెట్టిన మనిషే సాక్షి అయ్యాడు. ఈ ఒక్క సంతకం దగ్గరే మాకు మొదటి అధ్యాయం దొరికింది. తర్వాత కొన్న స్థలాల కాగితాల్లో సాక్షులు మారుతూ పోయారు. స్టోన్ వ్యాపారి, మేస్త్రీ, మెడికల్ కాలేజీలో పనిచేసే ఉద్యోగి, చివరికి మా బావ. నాయన పరిచయాలు ఎప్పుడు ఎటు పెరిగాయో ఆ వరస చూస్తే తెలిసిపోతుంది. ఆయన ఇతరులకు సాక్షి సంతకం పెట్టిన కాగితాలు మన బీరువాలో ఉండవు. పాత స్నేహితుల ఇళ్ళకు పోయినప్పుడు అడగండి, సంతోషంగా తీసి చూపిస్తారు.

కాగితాలు దొరక్కపోతే ఈసీ తీయించండి, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. కంప్యూటర్లోకి ఎక్కింది 1983 నుంచి. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి వెతికించుకోవాలి. దస్తావేజు నంబరు తెలిస్తే నకలు వస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో బీరువాలు నీళ్ళల్లో నానాయి. అలాంటి ఇళ్ళకు ఈ నకళ్ళే దిక్కు. నాని అతుక్కుపోయిన పేజీలు ఇప్పటికీ ఉంటే బలవంతంగా లాగకండి, ముక్కలవుతాయి. తెలిసినవాళ్ళకు చూపించండి. ఈసీలో కొన్నవాటితో పాటు అమ్మినవి కూడా గమనించండి. ఏ ఏడాది ఎందుకు అమ్మాడో అడిగితే ఒక పెళ్లో, ఒక ఆపరేషనో, ఒక స్నేహితుడి అప్పో బయటికొస్తుంది. కొనడం గురించి అందరూ చెప్తారు. అమ్మడం గురించి మనమే అడగాలి.

ఆస్తి పన్ను రసీదులు, కరెంటు సర్వీసు తేదీ త్వరగా చూసి పక్కన పెట్టేయొచ్చు. ఇంట్లోకి ఎప్పుడు చేరారో తెలుసుకోవడానికి మాత్రం అవి పనికొస్తాయి.

బాడుగ పుస్తకం దగ్గర మాత్రం ఆగండి. నాయనది ఎర్ర అట్ట పొడుగు పుస్తకం, రూముకు ఒక పేజీ. ఒక పేజీలో వరసగా మూడు నెలలు అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట ఆయన చేతిరాతతో ‘పాప పుట్టింది’ అని ఉంది. రెండో నెలలోనూ అదే, మూడో నెలలోనూ అదే. నాలుగో నెల నుంచి మామూలు బాడుగ. పాత బాకీ ఎక్కడా ఎక్కించలేదు. ఆ రూములో ఉన్న ఆర్టీసీ కండక్టరును వెతికి పట్టుకుని అడిగితే, “నాయన ఆ మూడు నెల్లు మెట్లెక్కి పైకి రాలేదమ్మా. కిందనుంచే ‘ఏమప్పా, బిడ్డ బాగుందా’ అని అడిగి పోయేవాడు. పైకొస్తే బాడుగకు వచ్చినాడనుకుంటామని” అన్నాడు. మా నాయన గురించి నేను చదివిన ఏ సంతాప సందేశమూ ఈ మాటకు సాటి రాదు.

‘మా నాయన ఎట్లాంటోడు?’ అని ఎవరినీ అడగకండి. ‘దేవుడమ్మా’ అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. మొదటిసారి ఎక్కడ కలిశారు? ఎక్కడ కూర్చునేవాళ్ళు? బాడుగ ఆలస్యమైతే ఏమనేవాడు? మీ మీద ఎప్పుడైనా అరిచాడా? ఇలా అడగండి. నీళ్ళ మోటారు కట్టేయకుండా వదిలేస్తే నాయన వీధంతా వినపడేలా అరిచేవాడని నలుగురు చెప్పారు. ఒకాయన, తనను ఖాళీ చేయించిన తీరు ఇప్పటికీ బాధే అన్నాడు. అదీ రాసుకున్నాను, ఆయన పేరు లేకుండా పుస్తకంలో పెట్టాను. అన్నయ్య వద్దన్నాడు గానీ, ఆ పేరా ఉండాలని అమ్మే పట్టుబట్టింది.

ముసలివాళ్ళకు సంవత్సరాలు గుర్తుండవు. ఊరికి జరిగిన వాటితో కలిపి అడగండి. బాగా పెద్దవాళ్ళనైతే రాజధాని కర్నూల్లో ఉన్నప్పుడా అని, అంటే 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు వరకు. తర్వాతివాళ్ళను శ్రీశైలం ముంపు ఊళ్ళు ఖాళీ చేసినప్పుడా, తుంగభద్ర పుష్కరాలకు ముందా వెనకా, వరద వచ్చిన ఏడాదా, నోట్లు రద్దయినప్పుడా అని. ‘వరదకు ముందు రేకుల షెడ్డే, తర్వాతే స్లాబు పడింది’ అని చప్పున చెప్పేస్తారు.

‘సొంత కష్టంతో పైకొచ్చాడు’ అని రాసే ముందు పాత ప్రామిసరీ నోట్లు వెతకండి. తీర్చేసిన నోట్లు కూడా నాయన దారంతో కట్టి దాచాడు. ఒక నోటు వెనక చెల్లులు, అంటే కొంచెం కొంచెంగా తీర్చినప్పుడల్లా రాసిన జమలు, నాలుగు రకాల సిరాతో ఉన్నాయి, కొన్ని వందల్లో, ఒకటి యాభై రూపాయలు. యాభై తెచ్చినా చెల్లు రాసి పుచ్చుకున్న ఆ షావుకారు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయన కష్టం నిజమే. ఆ మనిషి ఓపిక కూడా నిజమే, ఆయన పేరు పుస్తకంలో ఉండాలి.

అమ్మతో విడిగా మాట్లాడండి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కొడుకులు లేనప్పుడు. అందరి ముందూ ‘ఆయనే చూసుకున్నాడు’ అంటుంది. ఒంటరిగా అడిగితే ఏ గాజులు ఏ స్లాబుకు కుదువ పెట్టారో, ఏవి తిరిగి రాలేదో చెప్తుంది. మేస్త్రీ కూలీలకు పొద్దున పొద్దున్నే సంగటి వండి పంపింది ఎవరో కూడా అప్పుడే తెలుస్తుంది.

రాసేటప్పుడు అజాతశత్రువు, పరోపకారి, స్నేహశీలి లాంటి మాటలు పక్కన పెట్టి, ఆయన మాటలు ఆయన యాసలోనే ఉంచండి. బాడుగకున్నవాళ్ళ ఇబ్బందులు వాళ్ళను అడగకుండా అచ్చు వేయకండి. పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు లెక్కన పెరుగుతాయి కాబట్టి 32 పేజీలు అనుకుంటే ఫొటోలతో సరిపోతుంది. ఫొటోల కింద పేర్లు ఎడమ నుంచి కుడికి రాసి, ప్రూఫు కాపీని ఇంటి పెద్దవాళ్ళకు గట్టిగా చదివి వినిపించండి. డీటీపీలో ఇంటిపేర్లు తప్పు పడితే కూడా అప్పుడే పట్టుకుంటారు.

చివర రెండు పేజీలు ఖాళీగా వదిలి, మీ ఫోన్ నంబరు వేయండి. పుస్తకం పంచాకే అసలు ఫోన్లు మొదలవుతాయి. ‘నా పేరు లేదేమ్మా, ఆ పునాది తీసింది నేనే’ అని ఒకరు, తేదీ తప్పని ఇంకొకరు. అవన్నీ ఒక కాపీలో ఎర్ర పెన్నుతో ఎక్కిస్తూ పోండి. మళ్ళీ వేయించేటప్పుడు ప్రెస్సుకు ఆ కాపీనే ఇవ్వాలి.