విజయవాడ నుంచి ఉత్తరాదికి కుక్కతో కారు ప్రయాణం: దారిలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

విజయవాడ నుంచి ఢిల్లీ దాకా రోడ్డు మీద 1,800 కిలోమీటర్ల పైనే. హైదరాబాద్ వరకు 65వ జాతీయ రహదారి, అక్కడి నుంచి నాగ్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా 44వ జాతీయ రహదారి. రోడ్డుకు వంక పెట్టడానికి లేదు. అందుకే ఇద్దరు డ్రైవర్లుంటే రెండు రోజుల్లో కొట్టేయొచ్చని లెక్క వేసుకుంటారు. వెనక సీట్లో కుక్క ఉంటే ఆ లెక్క పనికిరాదు. దారిలో వచ్చే చాలా ఇబ్బందులకు మూలం ఇంట్లో వేసుకున్న ప్లానులోనే ఉంటుంది. కనిపించే లక్షణాన్ని బట్టి ఆ మూలం దాకా వెళ్ళడానికి ఇది రాస్తున్నాను.

రెండో రోజుకే ప్లాను వెనకబడింది, అందరికీ టెన్షన్

కారణం సీదాగా చెప్పొచ్చు: మ్యాప్ చూపించిన గంటల్ని నమ్మారు. కుక్కను రెండు గంటలకోసారి దింపాలి, పావుగంట తిప్పాలి, నీళ్ళు పెట్టాలి. ఎండ ముదిరాక నాలుగైదు గంటలు ఎక్కడో నీడపట్టున ఆగాలి. సాయంత్రం వెలుగుండగానే టెంటు వేసుకోవాలి. ఇవన్నీ తీసేస్తే రోజుకు 300 నుంచి 350 కిలోమీటర్లు మిగులుతాయి. అంటే ఢిల్లీ దాకా ఆరు రోజులు. సెలవు పది రోజులే ఉంటే హిమాచల్ మాట మరచిపోయి అరకు వైపో, హంపి వైపో తిప్పుకోవడం మేలు. కుక్క దృష్టిలో మనాలి అయినా మారేడుమిల్లి అయినా వాసన చూడటానికి కొత్త నేలే.

నెల ఎంచుకోవడం కూడా ఇక్కడే చూసుకోవాలి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఈ ప్రయాణం వద్దు, అందులో బేరాల్లేవు. వానాకాలంలో వెళ్ళేవాళ్ళు 2024 సెప్టెంబరు మొదటి రోజుల్ని గుర్తు చేసుకోవాలి. బుడమేరు నగరాన్ని ముంచింది, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్ హైవే మీదకే నీళ్ళొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. నవంబరు, ఫిబ్రవరి మంచివి. డిసెంబరు చివర, జనవరిలో గ్వాలియర్ దాటాక పొద్దున్నే మంచు దట్టంగా కమ్ముకుంటుంది, ముందు లారీ కనబడదు. సంక్రాంతి ముందు హైదరాబాద్ వెళ్ళడం హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఊరంతా ఎదురుగా వస్తుంటుంది. పండగ అయ్యాక మాత్రం ఆ జనంలో మీరూ ఒకరవుతారు. పంతంగి టోల్ గేట్ క్యూలో కుక్కతో కూర్చోవడం ఎవరికీ సరదా కాదు.

ఆగకుండా రొప్పుతోంది, చొంగ చిక్కగా కారుతోంది

అన్నిటికన్నా ప్రమాదమైంది ఇదే. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ, నోటి తడి ఆవిరై పోవడం వల్లే అది చల్లబడుతుంది. గాలిలో ఉక్క ఎక్కువుంటే ఆ తడి ఆవిరి కాదు. మన కృష్ణా తీరపు ఉక్కలో 35 డిగ్రీలు కూడా కుక్కకు గట్టి పరీక్షే. పగ్, బుల్‌డాగ్, షిట్‌జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంకా కష్టం. హస్కీ సంగతి చెప్పనక్కర్లేదు.

ముందు చూడాల్సింది కుక్క కూర్చున్న చోటు. పెద్ద బండ్లలో వెనక డిక్కీ భాగంలో పడుకోబెడతారు. ముందు కూర్చున్నవాళ్ళకు ఏసీ చలి పుడుతుంటుంది, వెనక సామాన్ల గోడ అవతల గాలి చేరదు, వెనక అద్దం లోంచి ఎండ నేరుగా పడుతుంటుంది. ఓసారి మీరే అక్కడ కూర్చుని పావుగంట ప్రయాణం చేయండి, తెలిసిపోతుంది. పరిష్కారం: కుక్కను మధ్య సీటుకు మార్చి, సీటు బెల్టుకు తగిలే ఛాతీ పట్టీ వేయండి. బెల్టు మెడ పట్టీకి తగిలించకండి, బ్రేకు పడితే మెడ విరుగుతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం అంతకన్నా ప్రమాదం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే కుక్క మధ్యలో నలిగిపోతుంది.

రెండో కారణం బయల్దేరే టైము. ఇడ్లీలు తిని తొమ్మిదింటికి గొల్లపూడి దాటితే, ఎండ నెత్తి మీదకొచ్చే వేళకు సూర్యాపేట వైపు రోడ్డు మీదే ఉంటారు. తెల్లవారుజామున నాలుగున్నరకు కదిలితే పదింటికల్లా హైదరాబాద్ చేరువవుతారు, ఆ రోజు ప్రయాణంలో పెద్ద భాగం అయిపోయినట్టే. పైన చెప్పిన మంచు నెలల్లో ఉత్తరాదిన మాత్రం దీన్ని తిరగేయాలి: పొద్దెక్కాక బయల్దేరి మధ్యాహ్నమంతా నడపాలి.

మూడోది ఆగి ఉన్న కారు. ఎండలో అద్దాలు మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే బయటికన్నా దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది, అరగంటకు ఇరవైకి దగ్గరవుతుంది. అద్దం రెండంగుళాలు దించితే పెద్ద తేడా రాదు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసి వెళ్తామంటారు కొందరు. ఇంజిన్ ఆగితే చెప్పేవాళ్ళెవరు? దాబాలో వంతులవారీగా తినండి, అంతే.

ఇక వడదెబ్బ తగిలేసిందనుకోండి. నాలుక, చిగుళ్ళు ఎర్రగా మారడం, తూలడం, వాంతి, పిలిస్తే పలకకపోవడం. కుక్క మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మలద్వారంలో పెట్టిన థర్మామీటరు 40 దాటి చూపిస్తే ఆలస్యం వద్దు. ముందు చల్లార్చండి, ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి పరుగు. నీడలోకి తెచ్చి మామూలు నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలివైపు పోస్తూ ఉండండి, గాలి తగలనివ్వండి. ఐసు ముక్కలతో రుద్దడం, తడి తువ్వాలు కప్పి వదిలేయడం చేయకండి, తువ్వాలు కాసేపటికి వేడెక్కి దుప్పటిలా పట్టుకుంటుంది. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకండి. వేడి 39.5కు దిగాక ఆపేసి బండెక్కించండి. లేచి తోక ఊపినా సరే డాక్టరుకు చూపించాల్సిందే, మూత్రపిండాల దెబ్బ మర్నాడు బయటపడవచ్చు.

పశువైద్యం కోసం 1962 నంబరు చాలా రాష్ట్రాల్లో పనిచేస్తుంది. సంచార వైద్య వాహనాల కోసం పెట్టింది, ఎక్కువగా పాడి పశువులకు వెళ్తారు, కానీ దగ్గర్లో డాక్టరెవరో తెలుసుకోవడానికైనా పనికొస్తుంది. హైవే మీద బండి ఆగిపోతే 1033.

కారెక్కిస్తే చొంగ, వాంతులు

ఇది భయమా, కారు కుదుపులకు కడుపులో తిప్పటమా అని ముందు తేల్చుకోవాలి. ఇంజిన్ స్టార్ట్ కాకముందే చొంగ, వణుకు మొదలైతే భయం. కొంత దూరం పోయాక ఆవలింతలు, పెదాలు నాకడం, తర్వాత వాంతి వస్తే తిప్పటం.

భయానికి కారణం చాలా ఇళ్ళలో ఒకటే: కుక్క కారెక్కేది సూదికి వెళ్ళేటప్పుడే. దీన్ని మరిపించడానికి నెల రోజులైనా కావాలి. ఆగి ఉన్న కారులో అన్నం పెట్టండి. తర్వాత వీధి చివరిదాకా, తర్వాత మంగళగిరి, ఆ తర్వాత గుంటూరు. ప్రతిసారీ దిగాక పరుగెత్తడానికి ఓ ఖాళీ స్థలం ఉండేలా చూడండి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి మొదటి పాఠం చెప్పకండి.

తిప్పటానికి బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి ఆపడం, అద్దం కాస్త దించడం, మలుపుల రోడ్డు మీద మెల్లగా వెళ్ళడం చాలావరకు సరిపోతాయి. కుక్కపిల్లల్లో ఇది మామూలే, పెరిగేకొద్దీ చాలావాటికి తగ్గుతుంది. ఘాట్ రోడ్లకు డాక్టరు రాసిన మందు తీసుకోండి. మన మాత్రలు మాత్రం వద్దు. ఇది నొప్పులకూ వర్తిస్తుంది: ఐబుప్రొఫెన్ కుక్కలకు విషమే, పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

మూడో రోజు నుంచి విరేచనాలు

కొత్త నీళ్ళు, కొత్త తిండి, దానికి తోడు దాబాలో ఎవరో ప్రేమగా వేసిన బిర్యానీ మెతుకులు. బిర్యానీలో రెండు ప్రమాదాలున్నాయి. ఉల్లిపాయ కుక్క రక్తకణాల్ని దెబ్బతీస్తుంది, ఉడికిన ఎముక పుల్లలా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఇంట్లో ఏం తింటుందో అదే ప్రయాణం మొత్తానికి సరిపడా తీసుకెళ్ళడం మంచిది. పెరుగన్నానికి అలవాటు పడ్డ కుక్క అయితే, పెరుగు ఎప్పటికప్పుడు కొనుక్కోండి. పొద్దున కలిపిన డబ్బా మధ్యాహ్నానికి కారులో పులిసిపోతుంది. నీళ్ళు కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లు కావాలి, అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైనే, ఎండలో ఇంకా ఎక్కువ.

ఒక పూట ఆగి, ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం కొద్దికొద్దిగా పెడితే సాధారణంగా సర్దుకుంటుంది. రక్తం పడినా, వాంతులు కూడా తోడైనా, చిన్నపిల్ల అయినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పార్వో (కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన విరేచనాల జబ్బు) టీకాలు పూర్తికాని పిల్లను ఇంత దూరం తిప్పకూడదు. మొదటిసారి రేబిస్ టీకా వేయిస్తుంటే బయల్దేరడానికి కనీసం మూడు నాలుగు వారాల ముందే వేయించండి. గన్నవరం వెటర్నరీ కాలేజీ దగ్గర్లోనే ఉంది, టీకాల పుస్తకం అక్కడైనా చూపించి లోటుపాట్లు సరిచేయించుకోవచ్చు.

గంటలు గడిచినా ఒంటికి పోవడం లేదు

లారీల హోరు పక్కన ఏ కుక్కా కుదురుగా నిలబడదు. హైవే వదిలి పొలాల దారిలోకి ఓ వంద మీటర్లు తీసుకెళ్ళి, పొడవాటి తాడుతో వదిలి, మీరు అటు చూడకుండా నిలబడండి.

ఆగిన ప్రతిచోటా వీధి కుక్కలు మీద పడుతున్నాయి

అది వాటి పేట, మీది చొరబాటు. దాబాల దగ్గర ఎంగిలి మీద బతికే గుంపు ఎప్పుడూ ఉంటుంది, అందుకే కుక్కను దింపడానికి పెట్రోలు బంకులే నయం. దింపే ముందు మనిషి దిగి చూడాలి. బయట తిండి పెట్టకూడదు. కరిచిందా, గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, టీకా ఉన్నా సరే డాక్టరుతో బూస్టర్ గురించి మాట్లాడండి. విడదీయబోయి మీకు పన్ను తగిలితే అదే రోజు మీరూ ఆసుపత్రికి వెళ్ళండి, గీతే కదా అని ఊరుకోకండి.

టెంటులో పడుకోదు, రాత్రంతా మొరుగుతోంది

సగం కేసుల్లో ఇది అలవాటు లేకపోవడమే. ముందు మేడ మీద టెంటు వేసి ఒక రాత్రి పడుకోండి. తర్వాత నూజివీడు వైపు తెలిసినవాళ్ళ మామిడితోట దొరికితే అంతకు మించిన రిహార్సల్ లేదు. బాపట్ల దగ్గర సూర్యలంక తీరమూ బాగుంటుంది, కానీ జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఆ ఇసుకలోకి వస్తాయి. గుడ్లు తవ్వే జంతువుల్లో కుక్కలదే పెద్ద చెయ్యి, కాబట్టి తాడు వదలకండి.

మిగతా సగంలో కుక్క మొరగడానికి నిజమైన కారణమే ఉంటుంది. చిరుతపులికి కుక్క ఇష్టమైన ఆహారం. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో చిరుతల ఆహారాన్ని పరిశీలించినప్పుడు అందులో ఎక్కువ వాటా పెంపుడు, ఊరకుక్కలదేనని తేలింది. కుక్కను టెంటు బయట కట్టేసి కాపలా పెట్టుకున్నామనుకోవడం దాన్ని ఎర వేయడమే. టెంటు లోపల, మీ పక్కన, పట్టీతో సహా పడుకోబెట్టండి. అడవి అంచున అయితే ఇద్దరూ కారులోకి మారిపోండి.

అభయారణ్యాల్లోకి, పులుల అభయారణ్యాల్లోకి పెంపుడు కుక్కల్ని తీసుకెళ్ళనివ్వరు. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసేస్తారు, గేటు దగ్గర చిక్కుకుంటే రాత్రంతా అక్కడే. నాగ్‌పూర్ దాటాక సివనీ వైపు రోడ్డు పెంచ్ పులుల అడవిని ఆనుకుని పోతుంది. అక్కడ కుక్కను దింపడానికి ఆగొద్దు, నాగ్‌పూర్‌లోనే ఆ పని ముగించండి. డ్యాములకు దిగువ నది ఇసుకలో టెంటు అసలే వద్దు. గేట్లు ఎత్తేది మీ నిద్ర చూసి కాదు.

హోటల్ వాళ్ళు ముందు ఒప్పుకుని, గేటు దగ్గర కాదంటున్నారు

ఫోన్‌లో మీరు ‘కుక్క’ అన్నారు, వాళ్ళు ‘చిన్న కుక్క’ అని విన్నారు. జాతి, బరువు, ఫోటో వాట్సాప్‌లో పంపి, అదనపు రుసుము ఎంతో రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. రెండో చోటు కూడా చూసి ఉంచుకోండి.

కొండ మీద వణుకుతోంది, నీరసంగా ఉంది

మన ఎండలకు పుట్టిపెరిగిన పొట్టి బొచ్చు కుక్కకు మనాలి నవంబరు రాత్రి తట్టుకోలేని చలి. కింద మందపాటి చాప, పైన స్వెటర్ రెండూ కావాలి, కిందిది ఇంకా ముఖ్యం. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్ లాంటి చోట్ల ఎత్తు వ్యాధి కుక్కకూ వస్తుంది. తిండి మానేసి, వాంతి చేసుకుని, మామూలుకన్నా వేగంగా ఊపిరి తీస్తుంటే వెంటనే కిందికి దిగండి.

ఇంటికొచ్చాక తిండి మానేసింది, జ్వరం

పిడుదుల జ్వరం కావచ్చు. ఎర్లీషియా అనే ఈ జబ్బు పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు బయటపడుతుంది, అందుకే ప్రయాణానికీ జబ్బుకూ సంబంధం ఉందని తట్టదు. చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కూడా కనబడవచ్చు. పిడుదుల మాత్రో, మెడ మీద వేసే మందో బయల్దేరే ముందే మొదలుపెట్టాలి. దారిలో ప్రతి సాయంత్రం చెవుల లోపల, వేళ్ళ మధ్య, పట్టీ కింద, తోక మొదట్లో వేళ్ళతో తడమండి. దొరికినదాన్ని చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని తిన్నగా లాగండి. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఎక్కడెక్కడ తిరిగారో, ఏ తేదీల్లో టెంటులో పడుకున్నారో చెప్పి రక్తపరీక్ష అడగండి. డాక్సీసైక్లిన్ రాస్తే సాధారణంగా నాలుగు వారాల కోర్సు ఉంటుంది. మూడో రోజుకే లేచి గంతులేసినా మాత్రలు ఆపకండి.